వేపింగ్: ఇంట్లో, కాలేజీలో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. మూడేళ్ళ కిందట ల్యాబ్‌లో ఒక కుర్రాడి జేబులోంచి చిన్న గొట్టం ఒకటి జారి పడింది. హైలైటర్ పెన్ అనుకుని నేనే తీసి వాడి చేతికిచ్చాను. అదేమిటో నాకు తెలిసేసరికి ఆ పిల్లవాడి ఇంటర్ అయిపోయింది. అప్పటినుంచి ఈ విషయం చదువుతున్నాను, పేరెంట్స్ మీటింగుల్లో మాట్లాడుతున్నాను. అక్కడ తల్లిదండ్రులు, పిల్లలు, తోటి లెక్చరర్లు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు నా జవాబులివి.

వేప్ అంటే అసలు ఏమిటి? చూస్తే గుర్తుపట్టగలమా?

బ్యాటరీతో నడిచే చిన్న పరికరం. లోపల ఒక ద్రవం, ఆ ద్రవాన్ని పీల్చుకున్న దూది, దూదిని అంటుకుని సన్నటి లోహపు తీగ ఉంటాయి. ఆ తీగనే కాయిల్ అంటారు. నోట్లో పెట్టుకుని పీల్చగానే కాయిల్ వేడెక్కి ద్రవం పొగమంచులా మారుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఈ-సిగరెట్, పాడ్, వేప్ పెన్, ఈ-హుక్కా అని రకరకాల పేర్లున్నాయి కానీ లోపల జరిగేది ఒకటే. ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి మూలం 2003లో చైనాలో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు తయారుచేసిన పరికరం. ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు, తనూ సిగరెట్ మానలేక అవస్థ పడుతున్నాడు. అంటే ఇది సిగరెట్‌కు బానిసైన పెద్దవాళ్ళ కోసం పుట్టిన వస్తువు. పిల్లల బ్యాగుల్లోకి ఎలా వచ్చిందన్నది కింద చెప్తాను.

గుర్తుపట్టడం కష్టమే. పెన్ డ్రైవ్‌లా, స్కెచ్ పెన్‌లా, లిప్‌స్టిక్‌లా ఉంటాయి. బీడీ, సిగరెట్ తాగితే చొక్కాకి, వేళ్ళకి వాసన పడుతుంది. దీనికి అదుండదు. మామిడిపండు, పుచ్చకాయ, పుదీనా, బబుల్‌గమ్ లాంటి తీపి వాసన కాసేపు తేలి పోతుంది. గదిలో పండు లేకుండా పండు వాసన వస్తే ఒకసారి ఆలోచించండి.

"వాటర్ వేపరే కదా మేడమ్?"

పిల్లలు నన్ను అన్నిటికంటే ఎక్కువ అడిగే ప్రశ్న ఇదే. కాదు. వేప్ ద్రవంలో ముఖ్యంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచి కోసం కలిపే రసాయనాలు.

గ్లిజరిన్ దగ్గర ఆగుదాం. ల్యాబ్‌లో గ్లిజరాల్‌ను గుర్తించడానికి పొటాషియం బైసల్ఫేట్ కలిపి వేడిచేసే పరీక్ష ఒకటుంది. పరీక్షనాళిక మూతి దగ్గర ముక్కు పెట్టలేనంత ఘాటు వస్తుంది. ఆ ఘాటు ఎక్రోలీన్‌ది. వంటింట్లో మూకుడులో నూనె మాడినప్పుడు కళ్ళు మండి, దగ్గు తెప్పించేది కూడా అదే. వేప్‌లో కాయిల్ మరీ వేడెక్కినా, దూది ఆరిపోయినా గ్లిజరిన్ విడిపోయి ఎక్రోలీన్ పుడుతుంది. దానితోపాటు ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్ పుడతాయి. జువాలజీ ల్యాబ్ సీసాల్లో కప్పల్ని, పాముల్ని చెడిపోకుండా ఉంచే ఫార్మాలిన్ అంటే నీళ్ళలో కరిగిన ఫార్మాల్డిహైడే. క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఉన్న రసాయనం అది. కాయిల్ నుంచి నికెల్, క్రోమియం, సీసం లాంటి లోహాల అణువులు కూడా ఆవిరిలోకి చేరుతున్నట్టు పరీక్షల్లో తేలింది. ఏ పరికరంలో ఎంత అనేది దాని వేడిని బట్టి, ద్రవాన్ని బట్టి మారుతుంది. దొంగచాటుగా వచ్చే సరుకులో ఏముందో అమ్మేవాడికి కూడా తెలియదు.

ఇక రుచుల సంగతి. "ఇవి ఐస్‌క్రీముల్లో, బిస్కెట్లలో వేసే ఫ్లేవర్లే కదా" అంటారు. తినడానికి పనికొచ్చేదల్లా పీల్చడానికి పనికిరాదు. కడుపుకు అరిగించుకునే ఏర్పాటుంది, ఊపిరితిత్తికి లేదు. వెన్న వాసన ఇచ్చే డైఎసిటైల్ దీనికి ఉదాహరణ. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళకు ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు మచ్చలుపడి మూసుకుపోయాయని 2000 ప్రాంతంలో బయటపడింది. వాళ్ళు రోజూ పీల్చింది తినే వెన్న ఫ్లేవరే. ఆ తర్వాత అదే రసాయనం కొన్ని వేప్ ద్రవాల్లోనూ దొరికింది.

నికోటిన్ కూడా టీ, కాఫీ లాంటిదే అంటారు. నిజమేనా?

మన రైతులకు నికోటిన్ కొత్త కాదు. పేనుబంకకు పొగాకు కషాయం కొట్టడం పాత పద్ధతి. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు కాచే అగ్నిఅస్త్రంలో వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లితో పాటు పొగాకూ పడుతుంది. పురుగుల నుంచి తనను కాపాడుకోవడానికి పొగాకు మొక్క ఆకుల్లో దాచుకునే విషం నికోటిన్.

మనిషి పీల్చే మోతాదులో అది చంపదు, కట్టేస్తుంది. పీల్చిన కొన్ని సెకన్లలో మెదడుకు చేరి హాయిగా అనిపించే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. ఆ హాయి కాసేపట్లో దిగిపోతుంది, మెదడు మళ్ళీ కావాలంటుంది. మనిషి మెదడు పాతికేళ్ళ వయసు దాకా తయారవుతూనే ఉంటుంది. మంచిచెడ్డలు బేరీజు వేసే ముందుభాగం అన్నిటికంటే చివర్లో పూర్తవుతుంది. అందుకే పెద్దవాళ్ళకంటే తక్కువ మోతాదుకే, తక్కువ రోజుల్లోనే పిల్లలు అలవాటు పడిపోతారు. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, మనసు నిలకడ దెబ్బతింటాయి.

"స్ట్రెస్ తగ్గుతుంది మేడమ్, ఎంసెట్ ప్రిపరేషన్‌లో హెల్ప్ అవుతుంది" అని ఒకమ్మాయి నాతో అంది. అబద్ధం చెప్పడం లేదు, తనకు అలాగే అనిపిస్తోంది. గంటసేపు నికోటిన్ అందకపోతే వచ్చే చిరాకు, దడ నికోటిన్ పడగానే తగ్గుతాయి. ఆ చిరాకును తెచ్చిపెట్టిందీ నికోటినే అని తెలియడానికి కొన్నాళ్ళు పడుతుంది.

ఇంకో సంగతి. మొదటిసారి బీడీ లాగినవాడు దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఎంతోమందిని ఆ దగ్గే కాపాడింది. వేప్ తయారీదారులు నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మార్చారు. సాస్‌లు, జామ్‌లు పాడవకుండా వేసే సోడియం బెంజోయేట్ దీని చుట్టమే. అలా మార్చాక గొంతులో మంట ఉండదు, కాబట్టి ఎక్కువ నికోటిన్ పట్టించవచ్చు. అమెరికాలో జూల్ కంపెనీ అమ్మిన 5 శాతం నికోటిన్ పాడ్‌లో, అంటే పరికరంలో అమర్చే ద్రవం డబ్బీలో, మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండేది. ఒక్క పాడ్ దాదాపు ఒక సిగరెట్ పెట్టెతో సమానమని ఆ కంపెనీయే చెప్పుకుంది. యూరప్ దేశాల్లో గరిష్ఠ పరిమితి 20 మిల్లీగ్రాములు.

సిగరెట్ కంటే వేప్ నయమని బ్రిటన్ డాక్టర్లే చెప్తున్నారట కదా?

చెప్తున్నారు, అది దాచాల్సిన విషయం కాదు. సిగరెట్ కాలుతుంది. కాలినప్పుడు తారు, కార్బన్ మోనాక్సైడ్, వేల రకాల రసాయనాలు వస్తాయి. వేప్‌లో కాలడం లేదు కాబట్టి ఏళ్ళ తరబడి సిగరెట్లు తాగుతున్న పెద్దమనిషి పూర్తిగా దానికి మారిపోతే ఒంట్లోకి వెళ్ళే విషాలు బాగా తగ్గుతాయి. సిగరెట్ మానడానికి నికోటిన్ బిళ్ళలు, ప్యాచ్‌ల కంటే నికోటిన్ వేప్‌లు ఎక్కువగా తోడ్పడ్డాయని, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షల్లో కూడా ఉంది.

కానీ అదే బ్రిటన్ వైద్యులు సిగరెట్ అలవాటు లేనివాళ్ళు వేప్ ముట్టుకోవద్దని, పిల్లలు అసలే వద్దని కూడా చెప్తున్నారు. అక్కడి ప్రభుత్వం 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని నిషేధించింది. రీల్స్‌లో మొదటి సగం మాటే తిరుగుతుంది. పదిహేనేళ్ళ పిల్లవాడు సిగరెట్ మానడానికి వేప్ పట్టుకోవడం లేదు, ఏ అలవాటూ లేని ఒంటికి దీన్ని కొత్తగా అంటిస్తున్నాడు. పైగా వేప్‌తో మొదలుపెట్టిన పిల్లలు తర్వాత సిగరెట్‌కు వెళ్ళే అవకాశం ఎక్కువని చాలా పరిశీలనలు చూపించాయి.

ఒంట్లో ఏమేం కనిపిస్తాయి?

గొంతు ఎండిపోవడం, పొడిదగ్గు, తలతిప్పు, వికారం, గుండె దడ, మెట్లెక్కితే ఆయాసం. ఉబ్బసం ఉన్న పిల్లలకు పిల్లికూతలు ఎక్కువవుతాయి. నికోటిన్ వల్ల బీపీ, గుండె వేగం పెరుగుతాయి. గర్భిణులకు ఇది మరీ ప్రమాదం, కడుపులో బిడ్డ మెదడు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నాసిరకం బ్యాటరీలు పేలి ముఖం, తొడ కాలినవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో చంటిపిల్లలుంటే ఇంకో భయం. ఆ తీపి వాసన ద్రవాన్ని కొద్దిగా మింగినా వాంతులు, ఫిట్స్ రావచ్చు. అలాంటప్పుడు గృహవైద్యం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

2019లో అమెరికాలో జరిగినదాని గురించి తరచూ అడుగుతారు. వేప్ పీల్చినవాళ్ళు ఉన్నట్టుండి ఊపిరాడక ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. ఆ జబ్బుకు ఎవాలి అని పేరు పెట్టారు. అయితే వాళ్ళలో ఎక్కువమంది పీల్చింది గంజాయి నుంచి తీసిన టీహెచ్‌సీ నూనె. దాన్ని చిక్కగా చేయడానికి కల్తీదారులు కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్‌తో ఆ జబ్బుకు గట్టి సంబంధం దొరికింది. పిల్లల్ని భయపెట్టడానికి ఈ సంగతిని సగం చెప్పడం నాకిష్టం లేదు, ఎందుకంటే రెండో సగం వాళ్ళకు ఫోన్‌లో దొరుకుతుంది, ఆ తర్వాత మన మాట ఏదీ నమ్మరు. చర్మానికి రాసుకునే విటమిన్ ఊపిరితిత్తిలోకి వెళ్తే ఏమవుతుందో చెప్పడానికి మొత్తం నిజమే సరిపోతుంది.

నికోటిన్ లేదని రాసి ఉన్నదైతే ఫర్వాలేదా?

పైన చెప్పిన ఎక్రోలీన్, ఫార్మాల్డిహైడ్, లోహాలు నికోటిన్ వల్ల వచ్చేవి కావు. నికోటిన్ లేదని రాసినవాటిలో పరీక్షిస్తే నికోటిన్ దొరికిన సందర్భాలూ ఉన్నాయి. మన చట్టం ఈ రెంటికీ తేడా చూపలేదు. నికోటిన్ ఉన్నా లేకున్నా నిషేధమే.

పెద్దవాళ్ళ కోసం చేసిన వస్తువు పిల్లల దాకా ఎలా వచ్చింది?

ఈ కథ అందరికీ తెలియాలి. 2015 జూన్‌లో అమెరికాలో జూల్ మార్కెట్లోకి వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో పెద్ద పెద్ద తెరల మీద రంగురంగుల నేపథ్యంలో కుర్రకారు మోడళ్ళు గంతులేస్తూ కనిపించారు. పార్టీలు పెట్టి ఉచితంగా పంచారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పేరున్న యువతీయువకుల చేత ఫొటోలు పెట్టించారు. కొన్నాళ్ళకు కంపెనీ డబ్బు పెట్టాల్సిన అవసరం కూడా లేకపోయింది, పిల్లలే వీడియోలు తీసి ఒకరికొకరు ప్రచారం చేసిపెట్టారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ రాబర్ట్ జాక్లర్ బృందం ఈ ప్రకటనలను సేకరించి, మొదటి మూడేళ్ళ ప్రచారం యువతను లాగేదిగా ఎలా సాగిందో చూపించింది. కార్టూన్ ఛానళ్ళ వెబ్‌సైట్లలో కూడా ప్రకటనల చోటు కొన్నారని మసాచుసెట్స్ రాష్ట్రం 2020లో దావా వేసింది.

నాకు నిద్ర పట్టనివ్వని ముక్క ఇంకొకటుంది. 2019 జూలైలో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు న్యూయార్క్ కుర్రాళ్ళిద్దరు సాక్ష్యం చెప్పారు. తమ బడిలో తొమ్మిదో తరగతి పిల్లలతో మాట్లాడటానికి వచ్చిన జూల్ ప్రతినిధి, ఆ వస్తువు పూర్తిగా సురక్షితమని చెప్పాడని వాళ్ళు వివరించారు. టీచరు నిలబడే చోట నిలబడి చెప్పిన మాట అది.

ఫలితం అంకెల్లో కనిపించింది. అమెరికా హైస్కూలు పిల్లల్లో వేప్ వాడేవాళ్ళు 2017లో 11.7 శాతం, 2018లో 20.8 శాతం, 2019లో 27.5 శాతం. నలుగురిలో ఒకరికంటే ఎక్కువ. 2022 సెప్టెంబరులో జూల్ 33 రాష్ట్రాలు, ప్యూర్టోరికోలతో రాజీకి వచ్చి 43.85 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఒప్పందంలోని షరతులు చదివితే అంతకుముందు ఏం జరిగిందని ఆరోపించారో తెలిసిపోతుంది: 35 ఏళ్ళలోపు వాళ్ళను ప్రకటనల్లో చూపకూడదు, కార్టూన్లు వాడకూడదు, డబ్బిచ్చి ఇన్‌ఫ్లుయెన్సర్లతో చెప్పించకూడదు.

ఇది అమెరికాకే పరిమితం కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబరులో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో 10 కోట్లమందికి పైగా వేప్ వాడుతున్నారు. అందులో కనీసం కోటీ 50 లక్షల మంది 13 నుంచి 15 ఏళ్ళ పిల్లలు. మార్కెట్లో 16,000 రుచులున్నాయని ఆ సంస్థే అంతకుముందు చెప్పింది. సిగరెట్ మానాలనుకునే యాభై ఏళ్ళ మనిషికి బబుల్‌గమ్ రుచి దేనికి?

ప్రకటనలు ఆపితే నిజంగా తగ్గుతుందా? పిల్లలు ఎలాగైనా తెచ్చుకుంటారు కదా?

అదే అమెరికాలో హైస్కూలు పిల్లల వాడకం 2024 నాటికి 7.8 శాతానికి దిగింది. ఒక్క ప్రకటనల వల్లే తగ్గిందని నేను అనను. అమ్మే వయసును 2019 డిసెంబరులో 21కి పెంచారు, తీపి రుచుల మీద ఆంక్షలు పెట్టారు, కోర్టు కేసులతో కంపెనీలు వెనక్కి తగ్గాయి, మధ్యలో కోవిడ్‌తో బడులు మూతపడ్డాయి. కానీ ఎదురులేని అలలా వచ్చింది ఎదురు నిలిస్తే తగ్గిందన్నది నిజం.

మన దగ్గరే చూడండి. 1996 క్రికెట్ ప్రపంచకప్ పేరు విల్స్ వరల్డ్ కప్. మనవాళ్ళ చొక్కాల మీద సిగరెట్ పేరుండేది, చిన్నపిల్లలు ఆ పేరున్న క్యాపులు పెట్టుకుని వీధుల్లో ఆడేవారు. అప్పుడది ఎవరికీ తప్పుగా తోచలేదు. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చాక అలాంటి ప్రచారానికి చోటు లేకుండా పోయింది. ఇప్పటి పిల్లలకు ఆ సంగతి చెప్తే నమ్మరు.

మన దేశంలో చట్టం ఏమంటోంది?

భారత వైద్య పరిశోధన మండలి 2019లో పూర్తి నిషేధం కావాలని సిఫారసు చేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 18న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరం. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్ళీ చేస్తే మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. సరుకు నిల్వకు తన స్థలం తెలిసి ఇచ్చినవాళ్ళకు ఆరు నెలల దాకా జైలు లేదా 50,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడతాయి.

చాలామంది గమనించని సంగతి ఒకటి ఈ చట్టంలో ఉంది. వాడినవాడికి శిక్ష రాయలేదు. అమ్మేవాడు, తెచ్చేవాడు, ప్రచారం చేసేవాడు నేరస్థులు. నాకు ఇది సరైన ఆలోచనగా కనిపిస్తుంది, ఇళ్ళలో, కాలేజీల్లో మనం కూడా అలాగే చూడాలి.

ప్రకటన అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థం చాలా పెద్దది. పేపరు, టీవీతో ఆగకుండా ఇంటర్నెట్‌ను, సోషల్ మీడియాను కూడా కలిపారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను కూడా నిషేధించారు. ఈ-హుక్కా అంతకుముందే కేంద్ర చట్టం కింద ఉంది.

మరి ఇంత చట్టముండీ కాలేజీ పక్కనే ఎలా దొరుకుతోంది?

దొంగరవాణా ఉంది, పాన్ డబ్బాల్లో కౌంటర్ కింద పెట్టి అమ్మడం ఉంది, కొరియర్‌లో రావడం ఉంది. ఎక్కువగా ఆశ పుట్టించేది మాత్రం ఫోన్. పొగతో రింగులు వదిలే రీల్, దాని కింద "రేటు కోసం మెసేజ్ చేయండి" అన్న కామెంటు. దాన్ని ఎవరూ ప్రకటన అనుకోరు. చట్టం ప్రకారం అది ప్రకటనే.

అలాంటిది కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసుకోండి, యాప్‌లో రిపోర్ట్ కొట్టండి. తిట్టడానికైనా సరే షేర్ చేయొద్దు, ఇంకో వందమందికి చేరుతుంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో ఈ ఉల్లంఘనల ఫిర్యాదులకు ప్రత్యేకంగా పోర్టల్ పెట్టింది. దుకాణం అయితే స్థానిక పోలీస్ స్టేషన్‌కు వెళ్ళండి, ఎస్సై, ఆ పైస్థాయి అధికారులకు సోదా చేసే, సరుకు స్వాధీనం చేసుకునే అధికారం ఉంది. ఒక కాలనీ తల్లులు పదిమంది కలిసి వెళ్తే ఆ డబ్బాకొట్టు వారంలో ఖాళీ అయింది, నేను చూశాను. ఒక్కరే వెళ్తే అంత పని జరగకపోవచ్చు.

నా కోరిక ఒకటే. ఆ రీల్ చూపించి డబ్బు చేసుకుంటున్న వేదికలు కూడా జవాబు చెప్పాలి. పిల్లల ఖాతాలకు ఇలాంటి వీడియోలు చేరకుండా ఆపడం వాళ్ళకు చేతకాని పని కాదు.

సిగరెట్లు అమ్మనిచ్చి వేప్‌లు నిషేధించడం పొగాకు కంపెనీల కోసమే అంటారు. గుంటూరు, ఒంగోలు రైతుల కోసమా ఇది?

ఈ అనుమానం రావడం సహజం. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది, ప్రకాశం జిల్లాలో వేల కుటుంబాలు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల మీద బతుకుతున్నాయి. సిగరెట్, గుట్కా, ఖైనీ చేస్తున్న నష్టం వేప్ కంటే ఎన్నో రెట్లు పెద్దది, అందులో వాదన లేదు. దాని మీద ఇంకా గట్టి చర్యలు రావాలి, రైతుకు వేరే పంట దారి చూపాలి. అయితే ఒక జబ్బు ఇంట్లో ఉందని రెండోదాన్ని రానివ్వం కదా. సిగరెట్ మొదలైనప్పుడే ఆపి ఉంటే ఎంత బాగుండేదో అందరికీ తెలుసు. వేప్ విషయంలో ఆ అవకాశం 2019లో మనకు ఇంకా ఉండింది.

అమెరికా నుంచి, దుబాయ్ నుంచి వచ్చేవాళ్ళు ఒకటి తెస్తే తప్పేముంది?

దిగుమతి నిషేధం, ఒక్కటైనా సరే. శంషాబాద్‌లో దిగేటప్పుడు సూట్‌కేసులో ఉంటే కస్టమ్స్ వాళ్ళు తీసుకుంటారు. తమ్ముడికి, బావమరిదికి బహుమతిగా తేవాలనుకుంటే దయచేసి వద్దు.

మా పిల్లవాడు వాడుతున్నాడని తెలిసింది. ఏం చేయాలి?

ముందు ఆ రోజు ఏమీ చేయకండి. కోపంలో చేయి లేస్తుంది, "మా పరువు తీశావు" అన్న మాట వస్తుంది. ఆ మాట అన్నాక పిల్లవాడు వేప్ మానడు, మీకు చెప్పడం మానేస్తాడు.

మర్నాడో, ఆ మర్నాడో, వాడు తిని స్థిమితంగా ఉన్నప్పుడు కూర్చోండి. ఎదురెదురుగా కూర్చుని విచారణ జరిపినట్టు కాకుండా, బండి మీద ఎక్కడికో వెళ్తూనో, పక్కపక్కన కూర్చునో మాట్లాడితే పిల్లలు తేలిగ్గా నోరు విప్పుతారు. "ఇది దొరికింది నాన్నా. నాకు భయమేసింది. దీని గురించి నాకు తెలియదు, నువ్వే చెప్పు" అని మొదలుపెట్టండి. ఎప్పుడు మొదలైంది, ఎవరితో, పొద్దున లేవగానే కావాలనిపిస్తుందా, లేకపోతే ఎలా ఉంటుంది, ఇవి అడగండి. సమాధానం విని మొహం మార్చకండి. చుట్టాల ముందు ఎత్తకండి, అక్కాతమ్ముళ్ళతో పోల్చకండి.

తండ్రి సిగరెట్ తాగే ఇళ్ళలో పిల్లలు ఒక మాట తప్పకుండా అంటారు. దానికి కోప్పడకండి. "నిజమే, నేనూ మానలేకపోతున్నాను, ఇద్దరం కలిసి మానేద్దాం" అని ఒక నాన్న కూతురితో అన్నాడట. ఆ అమ్మాయే నాకు చెప్పింది, చెప్తూ ఏడ్చింది. ఇద్దరూ మానేశారు, నాన్నకు మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

వేప్‌లో ఉన్నది నికోటినేనా, గంజాయి నూనె లాంటిదేమైనా ఉందా అన్న అనుమానం వస్తే, మత్తుగా, అయోమయంగా కనిపిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయొద్దు.

మానేస్తే ఎలా ఉంటుంది? ఎవరు సాయం చేస్తారు?

మొదటి మూడు రోజులు కష్టం. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. కావాలనిపించే తపన వచ్చినప్పుడు అది కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కొన్ని నిమిషాలు దాటించడమే పని: చల్లటి నీళ్ళు, కాసిని వేయించిన శనగలు, మేడ మీద నాలుగు చుట్లు, ఎవరికైనా ఫోన్. పరీక్షలకు ముందు వారం మానడం మొదలుపెట్టకండి, కాస్త తెరిపి ఉన్న రోజులు చూసుకోండి.

జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356, ఉచితం. మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. నికోటిన్ బిళ్ళలు, ప్యాచ్‌లు పద్దెనిమిది నిండని పిల్లలకు సొంతంగా కొనివ్వకుండా డాక్టర్ని అడగండి. ఒకసారి మళ్ళీ లాగితే అంతా పోయిందనుకోవద్దు, ఏం జరిగిందో చూసుకుని మళ్ళీ మొదలుపెట్టడమే.

మేం కాలేజీ నడుపుతున్నాం. దొరికినవాళ్ళకు టీసీ ఇచ్చి పంపేస్తే మిగతావాళ్ళు భయపడరా?

భయపడతారు, ఇంకా బాగా దాచుకుంటారు. పంపేసిన పిల్లవాడు ఆ అలవాటుతోనే ఇంకో కాలేజీలో చేరతాడు. పరికరం తీసుకోండి, తల్లిదండ్రులకు చెప్పండి, కౌన్సెలింగ్ ఇప్పించండి. ఎక్కడ కొన్నాడో తెలుసుకుని ఆ దుకాణం మీద ఫిర్యాదు చేయండి. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకం ఎలాగూ నేరమే, ఆ పరిధిలో ఏమేం అమ్ముతున్నారో ప్రిన్సిపాల్ నెలకోసారి నడిచి చూసి రావచ్చు. హాస్టల్ వార్డెన్లకు ఈ వస్తువులు చూపించి గుర్తుపట్టడం నేర్పండి. నాకెవరూ నేర్పలేదు.

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ అన్నీ షాపుల్లోనే ఉంటాయి, ఏం చేయగలం?

అమెరికా అంతటా 21 ఏళ్ళలోపు వాళ్ళకు అమ్మకూడదు. న్యూజెర్సీ 2020లో, కాలిఫోర్నియా 2022 డిసెంబరు నుంచి రుచుల వేప్‌ల అమ్మకాన్ని ఆపాయి. మీ ఊరి షాపులో అమ్ముతుంటే అక్కడి ఆరోగ్య శాఖకు చెప్పండి. మానడానికి సాయం కావాలంటే 1-800-784-8669. "మన పిల్లలు అలాంటివాళ్ళు కాదు" అని ఊరుకోకండి, తెలుగు సంఘం పిక్నిక్‌లో దీని గురించి ఒక అరగంట మాట్లాడుకోండి.

నాకు పదహారేళ్ళు. ఫ్రెండ్స్‌తో నాలుగైదు సార్లు లాగాను. అలవాటు పడ్డట్టేనా?

కాకపోవచ్చు. నాలుగు విషయాలు నిన్ను నువ్వే అడుగు. ఒక్కడివే ఉన్నప్పుడు కూడా కావాలనిపిస్తోందా? క్లాసు మధ్యలో గుర్తొస్తోందా? దొరకని రోజు చిరాగ్గా ఉంటోందా? దాని కోసం డబ్బు దాస్తున్నావా, అబద్ధం చెప్తున్నావా? ఒక్కదానికి అవునని వచ్చినా ఇప్పుడే ఆపడం తేలిక, రెండు నెలల తర్వాత ఇంత తేలిక కాదు. ఫ్రెండ్స్ ఇస్తే "నాకు దగ్గొస్తోందిరా" అని చెప్పు, అంతకంటే కారణం ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

ఇంట్లో చెప్పడానికి భయమైతే, మీ కాలేజీలో నీకు నమ్మకమున్న లెక్చరర్ ఎవరో ఒకరు ఉంటారు. రికార్డు మీద సంతకానికి వచ్చినట్టు స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి "మేడమ్, ఒక మాట" అను. ఇంట్లో ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అనేది ఇద్దరూ కలిసి ఆలోచించుకోవచ్చు.